సమస్యాపూరణం: బారుకేగినవాడె పో భక్తవరుడు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతిలో. ఇది చివరి పాదం, అర్థం కుదిరేలా పై పాదాలు మీరు కట్టాలి.

బారుకేగినవాడె పో భక్తవరుడు

గణాలు అందరికీ తెలిసినవే: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి. సమస్య పాదంలో బా–భ చెల్లింది, చూసుకోండి. ప్రాస అక్కర్లేదు, ప్రాసయతికి అభ్యంతరం లేదు.

నా మనసులో ఉన్నది బెంజి సర్కిల్ వైపు అద్దాలు మెరిసే బార్లు కాదు. సందు చివర కిళ్ళీకొట్టు పక్కన ఉంటుందే, కింద ఫ్యాన్ల హాలు, పైన పేరుకే ఏసీ సెక్షను. బేరరు పేరు మనకి, మన బ్రాండు బేరరుకి తెలిసిన చోటు. విజయవాడ అనుకున్నా సరే, గుంటూరు అనుకున్నా సరే. ఆకాశవాణి వాళ్ళు ఇలాంటి సమస్య ఇవ్వరు కాబట్టి మనమే ఇచ్చుకోవాలి.

వన్‌టౌన్ పంతులు:
దసరా దగ్గర పడుతుంటే అమ్మవారి ఊళ్ళో కూర్చుని ఇదేం సమస్యండీ?

నిర్వాహకుడు:
పంతులుగారూ, అనుచితంగా కనపడకపోతే అది సమస్యే కాదు. ఔచిత్యం తేవలసింది పూరణలో. పైగా మీకు తెలియనిదా, సప్తశతి మూడో అధ్యాయంలో మహిషుణ్ణి చంపే ముందు అమ్మవారే మధువు తాగుతుంది. కాసేపు అరుచుకో, నేను తాగేదాకా అని వాడితో అంటుంది కూడా.

వన్‌టౌన్ పంతులు:
ఆవిడ తాగితే లోకం బాగుపడింది. సరే, నేను మాత్రం కొండ దిగను. నా పూరణ:

మూలనక్షత్ర దినమున ముందె లేచి
కాల్వగట్టున గణపయ్య గడప నుండి
కొండపై తల్లి గుడిదాక కొనలు లేని
బారుకేగినవాడె పో భక్తవరుడు.

గోలీసోడా:
ఆహా! బారుని క్యూ లైను చేసేశారు. మూలానక్షత్రం రోజు వినాయకుడి గుడి దగ్గర నిలబడ్డవాళ్ళకి ఈ పద్యం కాళ్ళనొప్పులతో సహా అర్థమవుతుంది.

యతిమైత్రి:
రెండో పాదంలో కా–గ యతి హాయిగా పడింది. మూడో పాదం దగ్గరే పేచీ. గణపయ్య గడప నుండి అని మొదలు చెప్పారు, గుడిదాక అని చివర చెప్పారు. రెండు కొనలూ చూపించి మళ్ళీ "కొనలు లేని" అంటే ఎలా? "గుడిదాక గుంపుగట్టు" అంటే సరిపోతుంది. కొ–గు యతికి ఢోకా లేదు.

వన్‌టౌన్ పంతులు:
ఒప్పుకున్నాను. గుంపుగట్టు.

నిర్వాహకుడు:
పద్యం ధార బాగుంది. కానీ ఒక మాట ముందే చెప్పేస్తాను. బారు అనగానే వరస అని అర్థం మార్చేయడం మొదట తట్టే దారి. ఇక ఆ దారి మూసేశాను. 1995–97 మధ్య, మద్యనిషేధం రోజుల్లో ఈ సమస్య ఇచ్చి ఉంటే ఆ ఒక్క అర్థమే మిగిలేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదుగా.

గోలీసోడా:
అప్పట్లో తాగాలంటే యానాం బస్సెక్కాలి అనేవాడు మా బాబాయి. భక్తి అంటే అదీ.

కొత్త కలం:
నాకో సందేహం. పై పాదం చివర "దర్" పెట్టి "దర్బారుకేగిన" అనొచ్చా? రామదర్బారు బాగుంటుంది కదా.

యతిమైత్రి:
కుదరదు. తేటగీతి పాదం సూర్యగణంతో ముగుస్తుంది. గలమైనా నగణమైనా చివర లఘువే. "దర్" గురువు. సాంబారుకీ అదే గతి, "సాం" గురువే. లఘువుతో అయ్యేది ఏదైనా వెతకండి.

అరండల్‌పేట నాలుగో లైను:
వెతికాను. గుంటూరు నుంచి నా పూరణ:

నిన్న సీసాలు మోసెను, నేడు మాల
మెడను దాల్చె నిరుముడితో మెట్టలెక్క
రాత్రి రైలెక్కి పోయి కేరళమున మల
బారుకేగినవాడె పో భక్తవరుడు.

కొండగాలి:
మలబారు! "కే" దగ్గర ఇంద్రగణం ముగించి, "రళము – న మల" అని రెండు నగణాలు దించడం మామూలు పని కాదు. రా–ర యతి కూడా తెలియకుండా పడిపోయింది.

యతిమైత్రి:
విరుపుకి వందనం. భూగోళానికి మాత్రం కాదు. ఇరుముడి కట్టుకుని వెళ్ళేది శబరిమలకి. అది పాత తిరువాన్కూరు సంస్థానంలోది. మలబారు వేరు. 1956కి ముందు అది మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా. మలబారులో భక్తుడు కావాలంటే గురువాయూరు పంపండి, ఆ ఊరు ఆ జిల్లాలోదే. కానీ అక్కడికి ఇరుముడితో పనిలేదు. అంటే రెండో పాదం మొత్తం మార్చుకోవాలి.

అరండల్‌పేట నాలుగో లైను:
మా వీధిలో మాలలు వేసుకునేవాళ్ళంతా శబరిమలే వెళతారు సార్. రైలు టికెట్టు మార్చడం కంటే పద్యం వదులుకోవడమే సులువు.

నిర్వాహకుడు:
వదులుకోకండి. "నిన్న సీసాలు మోసెను, నేడు మాల" అన్న పాదం ఈ వారం వచ్చిన మంచి పాదాల్లో ఒకటి. కార్తీకం వస్తే బార్లలో సగం బల్లలు ఖాళీ అవడం ప్రతి ఏడూ చూస్తున్నదే. ఆ సగం ఖాళీ బల్లల మీదే రాయాల్సింది మీరు. కేరళ దాకా ఎందుకు పారిపోయారు?

కొత్త కలం:
భయపడుతూ పెడుతున్నాను. తప్పులుంటే చెప్పండి.

ఆఫిసందున పనిచేసి అలసి సొలసి
సాయంకాలము మిత్రుల సరస జేరి
బీరు తాగుచు బాధలు మరచిపోవ
బారుకేగినవాడె పో భక్తవరుడు.

నిర్వాహకుడు:
భయమెందుకు. మొదటి పాదంలో "పనిచేసి యలసి" అనాలి, లేకపోతే విసంధి, అంటే సంధి చెయ్యని దోషం. ఆ–య యతి చెల్లుతుంది. ఆఫీసులో "ఫీ" కురచైంది, అన్యదేశ్యానికి ఆ మాత్రం వెసులుబాటు ఇద్దాం. రెండో పాదం ఎత్తుగడలోనే "సాయం" రెండు గురువులు, సూర్యగణం కాదు. "సాంధ్యవేళను" అనండి. మూడో పాదంలో గణాలు సరే, బీ–మ యతి కుదరదు.

ఇవి దిద్దితే పోయే తప్పులు. అసలు సంగతి, సమస్య తీరలేదు. అలసిపోయి బీరు తాగడానికి వెళ్ళాడు, బాగుంది. భక్తవరుడు ఎందుకయ్యాడు? దాని జవాబు మూడో పాదంలో ఉండాలి.

కొత్త కలం:
అర్థమైంది. రేపు మళ్ళీ వస్తాను.

కొండగాలి:
నాది కొంచెం పొడుగు. నాలుగు పాదాలు దాటింది, మాలికగా చూడండి.

పల్లి, యుల్లి, నిమ్మయు గల పళ్ళెమొకటి,
చల్లనౌ సీస, చెమటలు జారుచుండ,
ఫోను మూసి, మౌనంబును పూని కొంత
సేపు తనలోన దైవము జేర గోరి
బారుకేగినవాడె పో భక్తవరుడు.

గోలీసోడా:
సీసాకి చెమటలు! చ–జా యతి మీద నీటిబొట్టు జారినట్టే ఉంది.

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలూ చదివి నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క, అన్నీ బల్ల మీదికి వచ్చేశాయి. మూడో పాదంలో మీరు నన్ను ఆశ్రమానికి తీసుకుపోయారు. ఫోను మూసి మౌనం పూనినవాణ్ణి మన ఊళ్ళో ఏ బారులో చూశారండీ? టీవీలో క్రికెట్టు, పక్క బల్ల మీద స్థలాల బేరం, వెనకాల ఎవడో బావమరిది మీద ఫిర్యాదు. ఆ గోలలోంచే భక్తి తీయాలి. గోల ఆపేసి తీస్తే ఏముంది గొప్ప?

కొండగాలి:
నేను ఏసీ సెక్షను మనిషినండీ. అక్కడ కాస్త నిశ్శబ్దం ఉంటుంది.

నిర్వాహకుడు:
అక్కడ బిల్లు చూశాక వచ్చే నిశ్శబ్దం అది.

గోలీసోడా:
గోల కావాలన్నారుగా. నేను తాగను, కానీ బారు మానను. మా బ్యాచ్‌లో బండి తోలేది నేనే.

చుట్టు సీసాల మోతలో సోడ తాగి
తూలు మిత్రుల నిండ్లకు తోడు వచ్చి
తిట్లు వారింట తానె తా తినుట కొఱకు
బారుకేగినవాడె పో భక్తవరుడు.

అరండల్‌పేట నాలుగో లైను:
మా చెల్లెమ్మ చదివితే మీ పేరు అడుగుతుంది. ఆవిడ తిట్టేది మిమ్మల్నే అయ్యుంటుంది.

యతిమైత్రి:
చు–సో, తూ–తో, తి–తి, యతులన్నీ శుభ్రం. "తానె తా" ఒక్కటే వ్యర్థపదం, గణం కోసం ఇరికించారు. "తిట్లు వారింట వారికై తినుట కొఱకు" అంటే గణమూ నిలుస్తుంది, త్యాగమూ పెరుగుతుంది.

గోలీసోడా:
వారికై! తీసుకున్నాను. అదే నిజం కూడా. తలుపు తీసిన మనిషి ముందు చూసేది తూలేవాణ్ణి కాదు, తూలనివాణ్ణి.

నిర్వాహకుడు:
ఇదిగో, ఇందాకటి నుంచి నేను అడుగుతున్నది ఇదే. బారు బారుగానే ఉంది. పదం విరవలేదు, ఊరు దాటలేదు. అయినా నాలుగో పాదం నిజమైపోయింది.

గవర్నరుపేట:
ఆలస్యంగా వచ్చాను. నాదీ పెడుతున్నా.

వేలు ముంచి యా తొలిచుక్క వేల్పులకును
చిలకరించి, పోయినవారి చెలిమి దలచి,
పిదపనే తాను తన వంతు పెదవి జేర్చ
బారుకేగినవాడె పో భక్తవరుడు.

కొండగాలి:
నా మౌనం వెనక్కి తీసుకుంటున్నాను.

వన్‌టౌన్ పంతులు:
ఉంగరపువేలు ముంచి చిమ్ముతారు, నేనూ చూశాను. ఎక్కడ చూశానని అడగకండి.

అరండల్‌పేట నాలుగో లైను:
మా వైపు కొందరు నేల మీదికి, కొందరు గోడ వైపు చిమ్ముతారు. ఎవరికోసం అంటే ఒక్కడూ తిన్నగా చెప్పడు. దేవుడికంటాడొకడు, పైనున్న నాన్నకంటాడొకడు. బేరరు మాత్రం గుడ్డ పట్టుకుని సిద్ధంగా ఉంటాడు.

యతిమైత్రి:
నా పని నేను చెయ్యాలి. "యా" పూరకం, "వేల్పులకును"లో "ను" పూరకం, "పిదపనే"లో "నే" కూడా.

గవర్నరుపేట:
"నే" పూరకం కాదండీ. వాళ్ళకి ఇచ్చాకే తాను తాగుతాడు, ముందు కాదు. "యా" విషయంలో మీతో వాదించను.

నిర్వాహకుడు:
"నే" నిలబడుతుంది. "యా" కూడా నాకు అడ్డు రాలేదు, రోజూ చిమ్మే ఆ చుక్కే అని వేలు పెట్టి చూపిస్తోంది. ఎప్పుడూ కళ్ళముందు జరిగేదే, మనలో ఎవరికీ తట్టలేదు. పెగ్గు అనలేదు, గ్లాసు అనలేదు, వేలూ చుక్కా పెదవీ తప్ప ఏదీ చెప్పలేదు. బారు అన్న మాట సమస్యలో ఉంది కాబట్టి సరిపోయింది. ఈ వారం నా ఓటు దీనికి. గోలీసోడాది పక్కనే ఉంది, నవ్వించినందుకు అరమార్కు ఎక్కువ కూడా వేసేవాణ్ణి. మూడో పాదం దిద్దింది యతిమైత్రి కాబట్టి ఆ అరమార్కు వాళ్ళిద్దరూ పంచుకోవాలి.

కొత్త కలం:
చెప్పినట్టే వచ్చాను. దిద్దిన పూరణ:

ఆఫిసందున పనిచేసి యలసి సొలసి
సాంధ్యవేళను మిత్రుల సరస జేరి
బిల్లు తానొకడే కట్టు వేడ్కతోడ
బారుకేగినవాడె పో భక్తవరుడు.

గోలీసోడా:
ఏ బారండీ? ఎన్నింటికి రమ్మంటారు?

యతిమైత్రి:
బి–వే చెల్లింది. దోషం లేదు. ఇలాంటి మనిషి ఉన్నాడా అన్నది ఛందస్సు పరిధిలోకి రాదు.

నిర్వాహకుడు:
శభాష్. మూడో పాదం మారగానే సమస్య తీరిపోయింది చూశారా.

వచ్చే వారానికి సమస్య అరండల్‌పేట వారు పంపారు. ఆటవెలది, నాలుగో పాదం:

మిరపకాయ కొరక మేను చలువ

మిరపకాయని బెంగళూరు మిరప అనో, బజ్జీ మిరప అనో మార్చి తప్పించుకునే పూరణలు తీసుకోను. గుంటూరు వాళ్ళకి ప్రత్యేక మినహాయింపులేమీ లేవు.