స్టౌర్‌హెడ్ తోటకి అమ్మానాన్నల్ని తీసుకెళ్లచ్చా?

రెడింగ్_గుంటూరోడు:
అమ్మానాన్న ఇంగ్లండ్ వచ్చి ఉన్నారు. శనివారం స్టోన్‌హెంజ్ ఎలాగూ చూస్తాం, అదే ఏ303 రోడ్డు మీద ఇంకాస్త పడమటికి పోతే స్టౌర్‌హెడ్ వస్తుందట. ఫోటోల్లో చెరువు, చెట్లు, అక్కడో గుడి ఇక్కడో గుడి, అంతే. నాన్న "చెరువు చూడ్డానికి టికెట్టా?" అంటారని టెన్షన్. పైగా అమ్మకి మోకాళ్ల నొప్పులు. అంత చూడాల్సిందేముంది అక్కడ?

కట్టమీద_కాకి:
ఆ చెరువు దేవుడిచ్చింది కాదు, అదీ సంగతి. 1750ల ముందు అక్కడున్నవి చిన్న కుంటలే. హెన్రీ హోర్ అని లండన్ బ్యాంకు కుటుంబం ఆయన, స్టౌర్ నది పుట్టే లోయకి అడ్డంగా కట్ట వేయించి నీళ్లు నిలిపాడు, ఒడ్డున పాంథియన్, ఫ్లోరా, అపోలో అని పాత రోమన్ల తరహా గుళ్లు కట్టించాడు. పేరుకే గుళ్లు, పూజల్లేవు. పాంథియన్‌లో రైస్‌బ్రాక్ చెక్కిన పాలరాతి హెర్క్యులిస్ ఉంటాడు. ఒక చోట నిలబడితే ఒక గుడి కనిపిస్తుంది, నాలుగడుగులు వేస్తే అది చెట్ల చాటుకి పోయి ఇంకోటి బయటపడుతుంది, మొత్తం సినిమా సెట్టింగే. విచిత్రమేంటంటే ఆయన బంగళాలోంచి ఈ చెరువు కనపడదు! మీ నాన్నగారికి సేద్యం తెలిస్తే ముందు కట్ట దగ్గరికే తీసుకెళ్లండి.

బాత్_పిన్ని:
మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి చెప్తున్నా బాబూ, అపోలో గుడికి ఎక్కుడు బాగా ఉంది, అమ్మగారితో వద్దు. గ్రోటో అని రాతి గుహ ఉంటుంది, లోపల చీకటి, నేల తడి, దాన్నీ వదిలేయండి. ఊరి వైపు రాతి వంతెన దగ్గర కూర్చోబెట్టండి, నీళ్లకి అవతల పాంథియన్ నేరుగా కనిపిస్తుంది. అందరూ తీసే ఫోటో అక్కడిదే. మేలో అయితే రోడోడెండ్రాన్లు విరగబూస్తాయి కానీ అవి ఎక్కువగా హెన్రీ హోర్ మనవడు కోల్ట్ హోర్ కాలం నుంచి వచ్చినవి, తాతకి పూల పిచ్చి కన్నా ఆకుపచ్చలో రకాలంటేనే ఇష్టం.

ఆక్స్‌ఫర్డ్_అన్న:
నన్నడిగితే ఆక్స్‌ఫర్డ్ దగ్గరి బ్లెన్‌హైమ్ ప్యాలెస్. అక్కడా కేపబిలిటీ బ్రౌన్ అనే తోటల డిజైనర్ గ్లైమ్ నదికి కట్ట వేసి చెరువు చేశాడు, ఆ దెబ్బకి వాన్‌బ్రో కట్టిన వంతెనలోని కింది గదులు నీళ్లలో మునిగిపోయాయి. గదులున్న వంతెన!

కట్టమీద_కాకి:
అన్నా, స్టోన్‌హెంజ్ నుంచి ఆక్స్‌ఫర్డ్ వైపు మళ్లీ ఎందుకు, దారి తప్పుతుంది.

రెడింగ్_గుంటూరోడు:
స్టౌర్‌హెడ్ ఫిక్స్. పులిహోర తీసుకెళ్లచ్చా?

బాత్_పిన్ని:
హాయిగా, పచ్చిక మీదే కూర్చుని తినండి. చెత్త మాత్రం అక్కడ పారేయకుండా వెనక్కి తెచ్చుకోండి.