“కైసరుకే” అనా, “కైసరునకును” అనా?

లేఖిని:
ఒక మాట వారం నుంచి నన్ను వదలడం లేదు. “కైసరువి కైసరుకే, దేవునివి దేవునికే.” రోమా చక్రవర్తి కైసరుకు పన్ను కట్టడం న్యాయమా అని అడిగితే యేసు చెప్పిన జవాబు. చిన్నప్పటి నుంచి నా చెవిలో ఉన్నది ఇదే. మొన్న సంఘ కమిటీలో, భూమి పోగొట్టుకున్న పేదల తరఫున సంఘం నోరు విప్పాలా వద్దా అని వాదన నడుస్తుంటే, ఒక పెద్దాయన ఈ మాట అని చర్చ ముగించేశారు. ఇంటికొచ్చి అమ్మ బైబిలు తీశాను. మత్తయి 22:21లో ఏకారమే లేదు! “కైసరువి కైసరునకును, దేవునివి దేవునికిని” అని ఉంది. మరి ఈ “కే” ఎక్కడి నుంచి వచ్చినట్టు? పాత ముద్రణల్లో ఎవరైనా చూశారా?

అరసున్న:
మార్కు 12:17, లూకా 20:25 కూడా అంతేనండి. మూడు చోట్లా సముచ్చయమే (రెంటినీ కలిపి చెప్పడం), అవధారణం (ఇదే అని నొక్కి చెప్పడం) లేదు. ఇది చిన్న తేడా కాదు. “ను” అంటే ఇతనికీ ఇవ్వాలి, అతనికీ ఇవ్వాలి. “ఏ” అంటే ఒకరిది ఇంకొకరి వైపు పోకూడదు. ఒక్క అక్షరంతో రెండు బాకీలు కాస్తా రెండు గదులైపోయాయి.

తంగేడు:
నా ఊహ చెప్తాను. ఇది అపొస్తలుల కార్యములు 5:29 నుంచి వచ్చి చేరింది. “మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా.” ఏకారం అక్కడ ఉంది. రెండు వాక్యాలనూ ఒకే ప్రసంగంలో వినీ వినీ కలిపేసుకున్నాం. పేతురు ఆ “కే” అన్నది అధికారులు బోధించొద్దని ఆజ్ఞాపించినప్పుడు. అదే “కే”తో ఇప్పుడు మన నోళ్లు మూయిస్తుంటే మనసుకు కష్టంగా ఉంది.

పొలిమేర:
అంత దూరం వెళ్లక్కర్లేదు తంగేడు గారూ, మాత్రలు లెక్కపెట్టండి, హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు. కైసరుకే ఆరు, దేవునికే ఆరు. రెండూ భగణం (ఒక గురువు, రెండు లఘువులు) మీద ఇంకో గురువు. కైసరునకును ఏడు, దేవునికిని ఆరు. నాలుక సమం చేసుకుంది. “కైసరుకే” ఉత్పలమాల ఎత్తుగడలో హాయిగా ఒదుగుతుంది, “కైసరునకును” ఒదగదు.

అరసున్న:
ఉత్పలమాల అనగానే జాషువా గారు గుర్తొచ్చారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న “క్రీస్తు చరిత్ర” ఉంది కదా, పరాయి పేర్లను మన గణాల్లో కూర్చోబెట్టడం ఎంత కష్టమో పద్యం రాసేవాళ్లకే తెలుస్తుంది.
అసలు విషయానికొస్తే, మాత్రల వాదం నాకు చాలదు. సముచ్చయాన్ని ఇప్పుడు మనం దీర్ఘంతో పలుకుతాం. నీకూ నాకూ, అమ్మకీ నాన్నకీ. పాత “ను” చెవికి ఆనడం మానేసింది. ఆ ఖాళీలో “కే” దూరింది.

పొలిమేర:
“ను” పోయి “కైసరుకూ, దేవుడికీ” అని మిగలాలి కదా మాస్టారూ! ఏకారం ఎందుకు రావాలి? జాషువా అన్నారు కాబట్టి, నాకు “గబ్బిలం” ముందు. 1941 నాటి కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి కబురు పంపుతాడు. ఆకలి, అంటరానితనం కైసరువా, దేవునివా అని ఆ మనిషి విడదీసి చూడలేదు. బాధంతా దేవుడి ముందే పెట్టాడు.

తంగేడు:
మీరంతా విభక్తి దగ్గరే ఆగిపోయారు, క్రియను చూడండి. అడిగినవాళ్లు “పన్నిచ్చుట న్యాయమా” అన్నారు. జవాబులో “ఇయ్యుడి” లేదు, “చెల్లించుడి” ఉంది. గ్రీకులోనూ క్రియ మారుతుంది, ఇవ్వడం కాస్తా తిరిగి ఇవ్వడం అవుతుంది. రోమా 13:7లో అదే గ్రీకు క్రియకు మన అనువాదం “ఋణములను తీర్చుడి” అని కూడా అంది. పైగా అక్కడున్నది పన్నురూక. చెల్లే రూక, చెల్లని రూక అనే భాష మనకు ఎప్పటి నుంచో ఉంది. అనువాదకులకు గొప్ప మాట దొరికింది.

లేఖిని:
రూక అన్నారు కాబట్టి ఇంకొకటి. నాణెం మీద కైసరు “రూపము”. ఆదికాండము 1లో నరులను చేసింది దేవుని “స్వరూపమందు”. ఆదికాండము పాత గ్రీకు అనువాదం చూస్తే రెండు చోట్లా ఒకటే మాట. నాణెం మీద కైసరు బొమ్మ ఉంది కాబట్టి అది కైసరుకు, మనిషిలో దేవుని పోలిక ఉంది కాబట్టి మనిషి దేవునికి అని తొలి శతాబ్దాల క్రైస్తవ రచయిత తెర్తుల్లియను ఏనాడో రాశాడు. మన తెలుగులో ఆ “స్వ” అడ్డొచ్చి రెంటికీ ఉన్న సంబంధం వినపడకుండా పోయింది. వినపడి ఉంటే, మనుషుల భూమి మాట కైసరుదేనని కమిటీలో అంత తేలిగ్గా అనగలిగేవారు కాదు.

అరసున్న:
“స్వ” మీద విడిగా మాట్లాడుకుందాం, అది సమాసం సంగతి. నేనింకా ఏకారం దగ్గరే ఉన్నాను. 1818లో సెరంపూరు మిషనరీలు అచ్చేసిన తెలుగు కొత్త నిబంధన స్కాన్ ఎవరి దగ్గరైనా ఉంటే మత్తయి 22 పేజీ పెట్టండి. అందులో “కే” కనిపిస్తే పొలిమేర గారి మాత్రలూ నా దీర్ఘమూ రెండూ పక్కన పెట్టేద్దాం.

పొలిమేర:
కనిపించినా నా మాత్రలు అలాగే ఉంటాయి మాస్టారూ. ఆ అనువాదకుడికీ చెవులున్నాయి కదా.