పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే చెల్లికి కాంట్రాక్టు విషయంలో సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా చెల్లి ఒక ప్రచురణకర్త కోసం 24 పేజీల పిల్లల కథకు బొమ్మలు వేసింది. కథ సవర గిరిజనుల ఊళ్లో జరుగుతుంది. వాళ్లు గోడ మీద వేసే సంప్రదాయ ఇడితాల్ బొమ్మలో ఎర్రమట్టిపై బియ్యప్పిండి తెలుపు సరిగ్గా రావాలని ఆ ఒక్క పేజీనే నాలుగుసార్లు మళ్లీ వేసింది.

ఇప్పుడొచ్చిన కాంట్రాక్టులో ఒకేసారి డబ్బు, హక్కులన్నీ శాశ్వతంగా వాళ్లవే అని ఉంది. రాయల్టీ ఊసే లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే చెల్లుతుంది. కానీ వీళ్లు 'శాశ్వతంగా' అని రాసేశారు. అదే టెన్షన్.

ఈ పనిలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి: గడువు పెట్టమని, అట్ట మీద పేరు వేయమని అడగొచ్చా? ఒరిజినల్ బొమ్మలు తిరిగి ఇస్తారా? సోమవారం లోపు సంతకం పెట్టాలట.