క్యాచ్ పూర్తిగా పట్టకముందే బేస్ వదిలితే ఆ రన్ ఎలా ఇస్తారు?

కోచ్_కుడిచేయి:
నిన్నటి సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లో ఐదో ఇన్నింగ్స్, ఒక ఔట్ అయింది, అవతలి టీమ్ రన్నర్లు 3వ బేస్‌లో ఒకరు, 1వ బేస్‌లో ఒకరు. రైట్ ఫీల్డ్‌లోకి బంతి బాగా ఎత్తుగా లేచింది, మా అమ్మాయి గ్లవ్‌లో పడి ఎగిరింది, ఛాతీకి తగిలింది, అప్పుడు పట్టుకుంది. గ్లవ్‌కి తగలడమే ఆలస్యం 3వ బేస్ రన్నర్ హోమ్‌కి పరుగు. 1వ బేస్ రన్నర్ అయితే క్యాచ్ అవ్వదనుకుని ముందే సగం దూరం పోయింది, వెనక్కొచ్చి బేస్ తాకేలోపే బంతి ఫస్ట్‌కి వేసి ఔట్ చేశాం. డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔట్) అయ్యాక కూడా రన్ ఇచ్చేశాడు అంపైర్. ఆ ఒక్క రన్‌తో ఓడిపోయాం. ఇదేం న్యాయం?

స్కోర్‌పుస్తకం:
అంపైర్ కరెక్టేనండీ. బంతి ఫీల్డర్‌కి మొదట తగిలిన క్షణం నుంచి రన్నర్ బేస్ వదలొచ్చు, చేతిలో నిలిచేదాకా ఆగక్కర్లేదు. లేకపోతే ఫీల్డర్ బంతిని అరచేతుల్లో ఎగరేసుకుంటూ లోపలికి నడిచొస్తుంటే రన్నర్లు కదలకుండా చూస్తూ నిలబడాలి. ఇక 1వ బేస్‌లో ఔట్ ఫోర్స్ ఔట్ కాదు (అయ్యుంటే రన్ పోయేది), అందుకని ఏది ముందు జరిగిందో చూస్తారు. మూడో ఔట్ కంటే ముందే హోమ్ తాకితే రన్ రన్నే.

కోచ్_కుడిచేయి:
ఆ రన్నర్ వెనక్కి వచ్చి తీరాలి కదా, మరి అది ఫోర్స్ కాకపోతే ఏంటి?

స్కోర్‌పుస్తకం:
బ్యాటర్ పరిగెత్తుకొస్తున్నాడు కాబట్టి ముందున్నవాళ్ళు తర్వాతి బేస్‌కి పోక తప్పదు, ఫోర్స్ అంటే అది. క్యాచ్‌తో బ్యాటర్ ఔట్ అయిపోయాక ఇంక ఫోర్స్ ఎక్కడిది?

గ్లవ్_గాళ్:
ఫౌల్‌గా (గీత బయటికి) పోయిన బంతిని గాల్లో పట్టినా ఇదే రూల్, రన్నర్లు కదలొచ్చు.

పాత_పిచ్చర్:
ముందే బేస్ వదిలితే అంపైరే ఔట్ ఇవ్వాలి. పోయిన సీజన్‌లో మా పాపని అలాగే ఇచ్చారు, అవతలివాళ్ళు అడగను కూడా అడగలేదు, పిల్ల ఆ రోజు అన్నం తినలేదు. ఒక్కో చోట ఒక్కో రూలా?

స్కోర్‌పుస్తకం:
అది వేరే రూల్ అయ్యుంటుందండీ. ఫాస్ట్‌పిచ్‌లో (బంతి వేగంగా వేసే సాఫ్ట్‌బాల్) పిచ్చర్ చేతిలోంచి బంతి వదలకముందే రన్నర్ బేస్ వదిలితే అంపైర్ తనే ఔట్ ఇస్తాడు, బంతి డెడ్ (ఆట అక్కడికి ఆగినట్టే), ఆ పిచ్ లెక్కలోకి రాదు. క్యాచ్ విషయంలో మాత్రం ఫీల్డింగ్ టీమే అప్పీల్ చెయ్యాలి (తామే ఔట్ కోరాలి), తర్వాతి పిచ్ వేసేలోపు.

పాత_పిచ్చర్:
ముందే వదలడం ముందే వదలడమే. మా పాపకో న్యాయం ఇంకొకరికో న్యాయం అంటే ఒప్పుకోను.

కోచ్_కుడిచేయి:
స్కోర్‌పుస్తకం గారూ, మీరు గ్రౌండ్‌లో లేరు, పుస్తకం ముందేసుకుని మాట్లాడుతున్నారు. 1వ బేస్ రన్నర్ పోవడం అంపైర్ కళ్ళారా చూశాడు! క్యాచ్ అవ్వగానే చెయ్యెత్తి ఔట్ అనుంటే మూడో ఔట్ అక్కడే అయ్యేది, రన్ వచ్చేదే కాదు. తప్పు చూసి నోరు మూసుకునేవాడు అంపైరా?

స్కోర్‌పుస్తకం:
ఇన్ని పోస్టుల తర్వాత అసలు మాట బయటికొచ్చింది. ఆవిడ బేస్ వదలడం తప్పే కాదండీ, వెనక్కెళ్ళి తాకే హక్కు ఆవిడకి ఇంకా ఉంది. తాకేలోపు మీరు బంతి తెచ్చారు కాబట్టి ఔట్. క్యాచ్ అయిన క్షణంలో అంపైర్ దేనికి చెయ్యెత్తాలి? నాకర్థం కానిదొకటే, హోమ్‌కి రన్నర్ పోతుంటే బంతి ఫస్ట్‌కి ఎందుకు వేశారు?

బేస్_లైన్:
ఇంకోటి, బేస్ వెనకాల నిలబడి క్యాచ్ టైమ్‌కి పరిగెత్తుకుంటూ వచ్చి తాకి పోవడం కూడా కుదరదు, ఔట్ ఇస్తారు.

కోచ్_కుడిచేయి:
ఫస్ట్‌కి వెయ్యమని అరిచింది నేనే. ఆ అమ్మాయి హోమ్ వైపే చూస్తోంది, చెయ్యి కూడా అటే లేపింది, నా మాట విని తిప్పేసింది. మొదటి టచ్ సంగతి నాకే తెలీదు, పిల్లలకేం చెప్తాను, రేపు ప్రాక్టీస్‌లో ముందు ఆ అమ్మాయితో మాట్లాడతా. అంపైర్ మౌనంగా ఉండటం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడట్లేదు.

పాత_పిచ్చర్:
నాకూ అంతే. మా పాప సంగతికి సరైన జవాబు ఇంకా రాలేదు.