ఆపరేషన్ తర్వాత ఎలుక ముడుచుకుని కూర్చుంది, నొప్పేనా?

ఎం.ఫార్మసీ విద్యార్థిని, హనుమకొండ: వాపు తగ్గించే మందు మీద నా ప్రాజెక్టు. నిన్న విస్టార్ ఎలుకలకు (ల్యాబుల్లో పెంచే తెల్ల ఎలుకలు) మత్తిచ్చి, వాపు రప్పించడానికి చర్మం కింద దూది ఉండలు పెట్టాం. ఒకటి మూలకు ముడుచుకుంది, మేత ముట్టలేదు, కళ్ల చుట్టూ ఎర్రటి మరకలున్నాయి. రక్తమేమోనని టెన్షన్. అరవట్లేదు కాబట్టి నొప్పి లేదని సీనియర్ అంటున్నాడు.

పశువైద్యుడు, వరంగల్: అరిస్తేనే నొప్పి అనుకోవద్దమ్మా. పిల్లికీ పాముకూ మేతయ్యే ప్రాణి అది, నీరసం బయటపెట్టదు. మనిషి దగ్గరికొస్తే ఇంకా దాస్తుంది. కాబట్టి పంజరం కదపకుండా కాస్త దూరం నుంచి చూడు. కళ్లు సగం మూసిందా, ముక్కూ బుగ్గలూ ఉబ్బు తగ్గి చదునయ్యాయా, చెవులు ముడుచుకుని పక్కకు తిరిగాయా, మీసాలు బిగిశాయా? ఎలుక ముఖం చూసి నొప్పి అంచనా వేసేందుకు 2011లో వచ్చిన ర్యాట్ గ్రిమేస్ స్కేల్‌లో ఈ నాలుగింటికీ 0, 1, 2 చొప్పున మార్కులు వేస్తారు, ఎక్కువ వస్తే నొప్పి ఎక్కువని. నిద్రపోతున్నప్పుడు మాత్రం వేయకు.

ఆ ఎరుపు రక్తం కాదు, కంటి వెనుక హార్డేరియన్ గ్రంథి నుంచి వచ్చే పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం. ఒళ్లు బాగుంటే ఎలుకే తుడుచుకుంటుంది. బెదురుకీ, జబ్బుకీ కూడా వస్తుంది కాబట్టి అదొక్కటే చూసి నొప్పని తేల్చలేం. నువ్వు చెప్పినవన్నీ కలిపితే నొప్పే అనిపిస్తోంది, ఈరోజే మీ యానిమల్ హౌస్ డాక్టరుకు చూపించు.

విద్యార్థిని: నొప్పికి మెలాక్సికామ్ ఇస్తే రీడింగులు పాడవవా సార్?

పశువైద్యుడు: పాడవుతాయి, అది వాపునే తగ్గిస్తుంది కదా. ఇలాంటి పనికి బ్యుప్రెనార్ఫిన్ అనే నొప్పి మందు నయం. కిలోకు 0.01 నుంచి 0.05 మిల్లీగ్రాములు, చర్మం కింద, 8–12 గంటలకోసారి. అది ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందికొచ్చే మందు, డాక్టరు చేతుల మీదుగానే వాడాలి. కంట్రోల్ (నీ ప్రాజెక్టు మందు ఇవ్వని గుంపు) సహా అన్ని గుంపులకూ ఒకేలా ఇవ్వాలి. అసలు కోతకు ముందే ఇచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ప్రోటోకాల్‌లో లేకపోతే ఐఏఈసీకి (జంతు ప్రయోగాలకు అనుమతిచ్చే మీ సంస్థ కమిటీ) సవరణ పెట్టండి. రీడింగుల కోసం నొప్పితో వదిలేయడం మాత్రం కుదరదు.

యానిమల్ హౌస్ ఉద్యోగి, కరీంనగర్: గది వేడి కూడా చూడు చెల్లీ. మన ఎండల్లో కరెంటు పోతే ఎలుకలు సాగిలపడి పడుకుంటాయి, అది వేరే సంగతి. నీది ముడుచుకుంది అంటున్నావు. మేత నీళ్లలో నానబెట్టి పంజరంలోనే కింద పెట్టు, పైనున్న మేతను లేచి కొరకడం దానికి కష్టం.

పశువైద్యుడు: బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చాక కొన్ని ఎలుకలు పరుపుగా వేసిన వరిపొట్టు తింటాయి. అలా కనిపిస్తే పొట్టు తీసి కాగితం వేసి, డాక్టరుకు చెప్పు. బరువు రోజూ ఒకే వేళకు తూచి రాయి.