మొదటి కార్డు: క్యాష్‌బ్యాక్ చూడాలా, సిబిల్ స్కోరు చూడాలా?

కొత్త_కొలువు: గచ్చిబౌలిలో ఉద్యోగం, జీతం 42 వేలు. ఇప్పటిదాకా లోన్ లేదు, కార్డు లేదు, కాబట్టి సిబిల్‌లో (అప్పులు ఎలా కట్టామో రికార్డు పెట్టి స్కోరు ఇచ్చే సంస్థ) నాకు చరిత్రే లేదు. రెండేళ్లలో ఇంటి లోన్‌కు వెళ్లాలని ఉంది. ఆన్‌లైన్ కొనుగోళ్లకు 5 శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే, 999 ఏడాది ఫీజున్న కార్డు తీసుకోమని ఒక ఫ్రెండ్, ఫీజు లేనిదే తీసుకోమని ఇంకొకడు. ఏది నయం?

లెక్కల_మాస్టారు: 999కి 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 1,179. 5 శాతం చొప్పున ఏడాదిలో 23,580 రూపాయల సరుకు కొంటే ఫీజు తిరిగొచ్చేసింది. నెలకు రెండు వేలు కూడా కాదు. ఆపైన వచ్చేదంతా లాభమే. ఇక స్కోరంటావా, నీ కార్డు రివార్డు ఇస్తుందో లేదో సిబిల్ లాంటి బ్యూరోకు తెలియదు. లిమిట్ ఎంత, బాకీ ఎంత, టైముకు కట్టావా, అంతే దానికి కావాల్సింది.

గుంటూరు_ఘాటు: నాకు 54 ఏళ్లు. స్కోరు లేకుండానే ఇల్లు కట్టా, పిల్లకు పెళ్లి చేశా.

బెజవాడ_రాణి: మాస్టారూ, ఫీజు లెక్క బాగానే ఉంది, కట్టకపోతే ఏమవుతుందో కూడా చెప్పండి. ఒక బ్యాంకు కార్డు వద్దని ఫోన్ చేశా, సరే మేడమ్ అన్నారు. క్లోజ్ చేయలేదు. 590 రూపాయల ఫీజు, దాని మీద లేటు ఫీజులు పేరుకుని సిబిల్ రిపోర్టులో బాకీగా కనిపించాయి. ఇంటి లోన్ ఫైలు అక్కడే ఆగిపోయింది.

లెక్కల_మాస్టారు: ఫోన్‌లో చెబితే అంతే. రాతపూర్వకంగా అడగాలి. బాకీ లేకపోతే ఏడు పని దినాల్లో మూసేయాలని 2022లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. దాటితే రోజుకు 500 చొప్పున బ్యాంకే మీకు కట్టాలి.

బెజవాడ_రాణి: నాది అంతకుముందు సంగతి. ఆ కుర్రాడికి ఫీజు లేని కార్డే మేలని చెబుతున్నా.

లెక్కల_మాస్టారు: ఫీజు లేని కార్డు 1 శాతం ఇస్తే, 5 శాతం ఇచ్చేదానితో పోల్చి చూడండి. ఏడాదికి లక్ష కొంటే...

వరంగల్_అన్న: తమ్మీ, ఫీజు ముచ్చట పక్కన పెట్టు. కొత్తోళ్లకు లిమిట్ తక్కువిస్తరు. 60 వేల లిమిట్ మీద 40 వేలు వాడితే మొత్తం కట్టినా రిపోర్టుల వాడకం ఎక్కువే కనిపిస్తది, స్కోరుకు మంచిది కాదు. లిమిట్‌ల 30 శాతం లోపే ఉంచు.

లెక్కల_మాస్టారు: స్టేట్‌మెంట్ తేదీకి, అంటే బిల్లు తయారయ్యే రోజుకు ముందే కట్టేస్తే సరి. నేను అదే చేస్తా. ఆఫీసులో వాళ్ల ఫోన్లు, ఫ్రిజ్‌లు కూడా నా కార్డు మీదే కొనిస్తా. క్యాష్‌బ్యాక్ నాకు, డబ్బులు వెంటనే వాళ్లు పంపేస్తారు.

వరంగల్_అన్న: 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకు కనీసం రెండుసార్లు బ్యూరోకు లెక్క పంపాలె. స్టేట్‌మెంట్ తేదీ ఒక్కటే చూసుకుంటే సాలదు.

బెజవాడ_రాణి: ఊరందరి ఫ్రిజ్‌లూ కొనిచ్చే స్తోమత అందరికీ ఉండదు మాస్టారూ. ఒకడు పంపకపోతే?

లెక్కల_మాస్టారు: అలాంటివాళ్లకు కొనివ్వను. మేడమ్, ఇది మిడిల్‌క్లాస్ భయం. క్రమశిక్షణ లేనివాళ్లు కార్డు జోలికే రాకూడదు. వాళ్ల కోసం మిగతావాళ్లం 5 శాతం వదులుకోవాలా?

బెజవాడ_రాణి: క్రమశిక్షణా? మా తమ్ముడు మూడేళ్లు ఒక్క బిల్లూ ఆపలేదు. ఉద్యోగం పోయింది. 40 వేల బిల్లుకు మినిమమ్ అంటూ రెండు వేలు కట్టాడు. మిగిలిన 38 వేల మీద నెలకు 3.5 శాతం, అంటే 1,330, దానికి జీఎస్టీ. బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న పాల ప్యాకెట్‌కు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ. మినిమమ్ కడుతున్నాడు కాబట్టి రిపోర్టులో లేటు అని ఎక్కడా పడలేదు, మాకెవరికీ తెలియలేదు. మీ 5 శాతం ఎవరి జేబులోంచి వస్తుందనుకున్నారు? వాడి లాంటివాళ్లు కట్టే వడ్డీలోంచే.

లెక్కల_మాస్టారు: దుకాణదారు కట్టే చార్జీలోంచి కూడా వస్తుంది. మీ తమ్ముడి సంగతికి బాధగానే ఉంది, కానీ నేను క్యాష్‌బ్యాక్ మానేస్తే అతని వడ్డీ తగ్గదు కదా.

బెజవాడ_రాణి: తగ్గదు. కానీ మొదటి కార్డు తీసుకునే పిల్లాడికి ముందు క్యాష్‌బ్యాక్ చూపిస్తున్నారు, ఏడాదికి 42 శాతం వడ్డీ మాట ఎత్తడం లేదు. నా గొడవ మొదటి నుంచీ అదే, ఫీజు కాదు.

గుంటూరు_ఘాటు: అమ్మా, తమ్ముడి పరిస్థితి ఇప్పుడెలా ఉంది?

బెజవాడ_రాణి: పర్సనల్ లోన్ తీసుకుని కార్డు బాకీ తీర్చేశాం. దాని వడ్డీ సగం కూడా లేదు.

కొత్త_కొలువు: జీతం పడే బ్యాంకువాళ్లు ఫీజు లేని కార్డు, లక్ష లిమిట్ ఇస్తామంటున్నారు. దానికే అప్లై చేస్తున్నా. పూర్తి బిల్లుకు ఆటోడెబిట్ పెట్టేస్తా. 5 శాతం కార్డు సంగతి ఇంటి లోన్ వచ్చాక.

వరంగల్_అన్న: మంచిది. ఆటోడెబిట్ పెట్టేటప్పుడు ‘మినిమమ్’ మీద టిక్ పడకుండ సూస్కో. నాలుగు బ్యాంకుల్ల ఒకేసారి అప్లై చేయకు, ప్రతిదీ అప్పు కోసం అడిగినట్టు సిబిల్ రిపోర్టుల ఎంక్వైరీగ పడ్తది.

లెక్కల_మాస్టారు: రెండేళ్లలో ఎంత పోగొట్టుకుంటున్నావో లెక్క వేసి పంపనా?