ఫోన్లలో కనిపిస్తున్న కొత్త వైఫై పేరు ల్యాప్‌టాప్‌లో మాత్రం రావడం లేదు

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఈ మధ్యనే కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాం. ఫోన్లు, టీవీ అన్నీ చక్కగా కలిశాయి గానీ, మా అమ్మాయి చదువుకునే ల్యాప్‌టాప్‌లో మా వైఫై పేరే రావడం లేదు. పక్కిళ్ల పేర్లు మాత్రం వరుసగా కనిపిస్తున్నాయి. అది 2016లో కొన్న ల్యాప్‌టాప్, అందులో విండోస్ 10 ఉంది, పాత రౌటర్‌తో ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఇప్పటికీ ఫోన్ హాట్‌స్పాట్ పెడితే వెంటనే కలుస్తుంది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి ల్యాప్‌టాప్ పాడైందని చెప్పి వెళ్లాడు. బజారులో రిపేరు షాపులో చూపిస్తే, విండోస్ ఫార్మాట్ చేయాలి, లోపలి ఫైళ్లకు మాది బాధ్యత కాదు అన్నారు. అమ్మాయి ప్రాజెక్టు పని అంతా అందులోనే ఉన్నందున అందుకు మనసొప్పడం లేదు. ఫార్మాట్ కాకుండా వేరే దారి ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి)

ఫార్మాట్ చేయించకండి. హాట్‌స్పాట్‌కు కలుస్తున్నదంటే ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు, దాని యాంటెన్నా బాగానే ఉన్నట్టు. ఫోన్లు కలుస్తున్నాయంటే రౌటర్ కూడా బాగానే ఉన్నట్టు. పేరే రానప్పుడు పాస్‌వర్డ్ ప్రసక్తి కూడా లేదు. ఇక నా ముఖ్యమైన అనుమానం ఇది: కొత్త రౌటర్ చెప్పే మాట పాత కార్డుకు అర్థం కావడం లేదు.

ప్రతి రౌటర్ తన పేరును, తాను పనిచేసే పద్ధతిని సెకనుకు దాదాపు 10 సార్లు గాలిలో ప్రకటిస్తూ ఉంటుంది. ఇప్పుడు ఇళ్లకు ఇస్తున్న రౌటర్లలో చాలావరకు వైఫై 6 అనే కొత్త తరం వైఫై రకానివి కావడం వల్ల, ఆ ప్రకటనలో పాతవాటిలో లేని కొన్ని కొత్త వివరాలు ఉంటాయి. వైఫై 6 రాకముందు తయారైన కొన్ని డ్రైవర్లు (కార్డును విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఆ వివరాలను చదవలేక, ఆ పేరును జాబితాలోనే చూపించకుండా వదిలేస్తాయి. ఇది చాలామందికి ఎదురైన సమస్యే కాబట్టి, ఇంటెల్ తన పాత కార్డుల కోసం సవరించిన డ్రైవర్లను విడుదల చేసింది కూడా.

ముందుగా ల్యాప్‌టాప్‌ను రౌటర్ ఉన్న గదిలోకే తీసుకువెళ్లి చూడండి. అక్కడ కూడా పేరు రాకపోతే, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైర్‌లెస్ అనో వైఫై అనో ఉన్న పేరు మీద రెండుసార్లు నొక్కి, డ్రైవర్ అనే ట్యాబ్‌లో తేదీ చూడండి. అది 2016, 2017 ప్రాంతపు తేదీ అయితే నా అనుమానం దాదాపు నిజమే. అక్కడే ఉన్న అప్‌డేట్ డ్రైవర్ నొక్కితే, ఉన్నదే సరైన డ్రైవర్ అని విండోస్ చెప్పవచ్చు. ఆ మాట పట్టుకుని ఆగిపోవద్దు. ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, మీకు హాట్‌స్పాట్ ఎలాగూ పనిచేస్తోంది కాబట్టి అదైనా సరిపోతుంది. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరుతో వెతికి, లేదంటే కార్డు తయారీదారు వెబ్‌సైట్‌లో కార్డు పేరుతో వెతికి, కొత్త డ్రైవర్ దింపుకుని ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేయండి. దీనివల్ల మీ ఫైళ్లకు ఏమీ కాదు. డ్రైవర్ల పేరుతో కనిపించే వేరే సైట్ల జోలికి మాత్రం వెళ్లవద్దు.

ఇంకొక సంగతి కూడా చూడాలి. ఇళ్లలో వైఫై సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో, అంటే రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది. కొన్ని పాత కార్డులకు 2.4 తప్ప 5 అందదు. మీది ఏ రకమో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌ష్, డబ్ల్యూల్యాన్, షో, డ్రైవర్స్ అనే నాలుగు మాటలను మధ్యలో ఖాళీ వదులుతూ ఇంగ్లీషులో (netsh wlan show drivers) టైపు చేసి ఎంటర్ నొక్కండి. రేడియో టైప్స్ అన్న వరుసలో 802.11 పక్కన బీ, జీ, ఎన్ మాత్రమే ఉండి, ఏ గానీ ఏసీ గానీ లేకపోతే అది 2.4 మాత్రమే అందుకునే కార్డు. అప్పుడు రౌటర్‌లో 2.4 బ్యాండ్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి.

కొత్త డ్రైవర్ దొరకని పక్షంలో రౌటర్ వైపు నుంచి సర్దుకోవచ్చు. రౌటర్ అడుగున అంటించిన కాగితం మీద 192.168.1.1 లాంటి అడ్రసు, లాగిన్ వివరాలు ఉంటాయి. ఫోన్ బ్రౌజర్‌లో ఆ అడ్రసు తెరిచి, వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో 2.4 బ్యాండ్‌కు వేరే పేరు పెట్టి, దాని మోడ్‌లో ఏఎక్స్ (అంటే వైఫై 6) తీసేసి బీ, జీ, ఎన్ వరకే ఉంచండి. 5 బ్యాండ్‌ను ముట్టుకోనక్కర లేదు, అందువల్ల ఫోన్ల వేగం తగ్గదు.

అడిగినవారి నుంచి

చాలా కృతజ్ఞతలు. డ్రైవర్ తేదీ 2016 అనే ఉంది. కొత్తది వేసి రీస్టార్ట్ చేయగానే మా పేరు జాబితాలో వచ్చింది, పాస్‌వర్డ్ ఇవ్వగానే కలిసింది. ముందు గదిలో బాగా నడుస్తోంది గానీ, అమ్మాయి చదువుకునే లోపలి గదిలోకి వెళ్తే మాటిమాటికీ తెగిపోతోంది. మాది పాతకాలపు రాతి గోడల ఇల్లు. ఫైబర్ తీగ కిటికీ పక్క నుంచి లోపలికి వచ్చినందున, రౌటర్‌ను అక్కడే గోడ గూట్లో, ఇనుప బీరువా వెనక పెట్టి వెళ్లారు.

సమాధానం (నల్లగొండ నుంచి)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, మన జిల్లాలో రాతి ఇళ్లు ఎక్కువ కాబట్టి ఇది అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే గానీ, మందపాటి గోడలు దాటడంలో 2.4 కంటే బాగా వెనకబడుతుంది. పైగా మీ రౌటర్‌కు ఒకవైపు రాయి, మరోవైపు ఇనుము అడ్డం ఉన్నాయి. ముందు దాన్ని గూట్లోంచి తీసి, తీగ అందినంత మేర, లోపలి గది గుమ్మానికి ఎదురుగా, మనిషి ఎత్తులో పెట్టించండి. ఫైబర్ తీగను మాత్రం మడత పడేలా వంచకండి, లోపలిది సన్నని గాజు పోగు.

తర్వాత డివైస్ మేనేజర్‌లో అదే కార్డు మీద రెండుసార్లు నొక్కి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ అన్నది కనిపిస్తే 2.4 ఎంచుకోండి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అనే అర్థంతో ఉన్న గడిలోని టిక్కు తీసేయండి. పాత ల్యాప్‌టాప్‌లలో ఉన్నట్టుండి వైఫై తెగిపోవడానికి ఆ టిక్కు కూడా ఒక కారణం.

మరో ప్రశ్న (దేవరకొండ నుంచి)

నమస్తే సార్. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 ఉంది. నాకు పేరు కనిపిస్తుంది గానీ, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవదు. నేనూ డ్రైవరే మార్చాలా?

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి)

మీది వేరే సంగతి తమ్ముడూ. కొత్త రౌటర్లలో డబ్ల్యూపీఏ 3 అనే భద్రతా పద్ధతి ఉంటుంది. విండోస్ 10లో కూడా అది 2019 నుంచే ఉంది, విండోస్ 7కు అసలు తెలియదు. రౌటర్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ 2, 3 కలిపి ఉన్నదాన్ని ఎంచుకుని చూడండి, అప్పటికీ కలవకపోతే డబ్ల్యూపీఏ 2 ఒక్కటే పెట్టండి. డబ్ల్యూఈపీ అనే పాత, బలహీనమైన పద్ధతి గానీ, పాస్‌వర్డ్ లేని ఓపెన్ గానీ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. కొత్త రౌటర్‌కు పాత రౌటర్ పేరే పెట్టుకుని ఉంటే, ల్యాప్‌టాప్‌లో దాచుకున్న పాత వివరాలను తొలగించి మళ్లీ కలపాలి. విండోస్ 7కు 2020 జనవరితోనే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి, నెట్ కలిసినా ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు చేయకండి.

అడిగినవారి నుంచి

రౌటర్‌ను గూట్లోంచి తీయించి గుమ్మం పక్కన మేకుకు తగిలించాం, బ్యాండ్ కూడా మార్చాం. అమ్మాయి లోపలి గదిలోనే కూర్చుని క్లాసు పూర్తిగా విన్నది, ఎక్కడా తెగలేదు. సమయం కేటాయించి వివరంగా రాసిన ఇద్దరికీ మా ఇంటిల్లిపాది తరఫున ధన్యవాదాలు.